పప్పుండల పులుసు

మొన్న ఆదివారం మా అబ్బాయి చెన్నై నుంచి ఒక ఫోటో పంపాడు. తెల్ల గిన్నెలో పల్చటి రసం, నాలుగు క్యారెట్ ముక్కలు, రెండు బీన్సు, మధ్యలో తేలుతూ మూడు ఉండలు. కింద "వెజిటబుల్ డంప్లింగ్ సూప్" అని రాశాడు. నిమిషం తర్వాత ఇంకో మెసేజి: "అమ్మా, ఇది మన పప్పుండల పులుసే కదా! చింతపండు వెయ్యడం మర్చిపోయారు."

నవ్వొచ్చింది. జ్వరం తగిలి రెండు రోజులు గదిలోనే పడుకున్నాడట. నోటికి వేడిగా ఏదైనా కావాలనిపించి తెప్పించుకున్నాడు. వాడన్నదాంట్లో తప్పేం లేదు. వాన పడినా, ఒంట్లో నలతగా ఉన్నా మనిషి కోరుకునేది ఇలాంటిదే. టిబెట్ వాళ్ళు మోమోలు సూపులో వేసుకుంటారు. యూదులు పులియని రొట్టెల పొడితో ఉండలు కట్టి కోడి సూపులో వేస్తారు. మనకు పప్పుండల పులుసు ఉంది.

మాది నాయుడుపేట. స్వర్ణముఖి ఒడ్డు ఊరు, చెన్నై హైవే మీద ఉంటుంది. ఇక్కడి వంట సగం నెల్లూరుది, సగం అరవదేశానిది. తమిళులు దీన్ని పరుప్పు ఉరుండై కుళంబు అంటారు. పేరు ఏదైనా పని ఒకటే. నానబెట్టిన పప్పు రుబ్బి, ఉండలు చేసి, మరిగే చింతపండు పులుసులో వెయ్యడం. మా ఇంట్లో అందులో మునక్కాయ, సొరకాయ, గుమ్మడికాయ ముక్కలు కూడా పడతాయి. అన్నంలోకి అదే కూర, అదే పులుసు. పక్కన ఒక అప్పడం ఉంటే చాలు.

చెప్పినంత తేలిక కాదు చెయ్యడం. ఉండ నిలవాలి. అక్కడే ఉంది కథంతా.

నా పుట్టిల్లు కావలి వైపు. మా అమ్మ ముక్కల పులుసు బ్రహ్మాండంగా చేసేది గానీ ఉండలు వేసే అలవాటు మాకు లేదు. పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన రెండో నెలలో, చుట్టాలొచ్చిన రోజు, "ఇయ్యాల పులుసు నువ్వు చెయ్యమ్మాయ్" అన్నారు అత్తమ్మ. చూసిందే కదా అని ధైర్యంగా మొదలుపెట్టాను. పప్పు మెత్తగా రావాలని మిక్సీలో నీళ్ళు పోసి తిప్పాను. ఉండలు చేతికి అంటుకుంటుంటే నూనె రాసుకుని ఎలాగో చుట్టి పులుసులో వేశాను. గరిటె పెట్టి కలిపాను కూడా. పది నిమిషాల తర్వాత గిన్నెలో ఒక్క ఉండ లేదు. అంతా కరిగి చిక్కటి పసుపురంగు ముద్దయింది.

పదిమంది ముందు వడ్డించాల్సి వచ్చింది. అత్తమ్మ గరిటెతో గిన్నె అడుగుదాకా వెతికి, "బియ్యే తెలుగు చదివిందంట. పద్యాలొచ్చినంత తేలిగ్గా ఉండలు రావమ్మా" అన్నారు. అందరూ నవ్వారు. మామయ్య ఒక్కరే రెండోసారి పోయించుకుని, "ఈ పప్పుచారు ఎవరు చేశారబ్బా, శానా బాగుండాది" అన్నారు. ఆయన నన్ను కాపాడటానికే అన్నారని తెలుసు. అయినా ఆ రాత్రి ఏడ్చాను.

ఇప్పుడు తల్చుకుంటే చిన్న మాటే. కానీ కొత్తగా వచ్చిన ఇంట్లో చిన్న మాట ఎంత పెద్దదో మీకు చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు నేను అన్నీ వండాను, పప్పుండల పులుసు మాత్రం చెయ్యలేదు. అది ఆవిడ వంట. నేను ముక్కలు తరిగిచ్చేదాన్ని, అంతే. చేసేటప్పుడు పక్కన నిలబడి చూసేదాన్ని కూడా కాదు.

మామయ్య పోయాక ఆవిడలో మార్పు మొదలైంది. ముందు కళ్ళద్దాలు, తాళాలు మర్చిపోవడం. అది మనందరికీ ఉండేదే కదా అనుకున్నాం. తర్వాత కూరలో ఉప్పు రెండుసార్లు పడటం. ఒక రోజు పాలు పొయ్యి మీద పెట్టి వీధి వాకిట్లో కూర్చున్నారు. గిన్నె మాడి ఇల్లంతా పొగ.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం పప్పుండల పులుసు చేశారు. భోజనాలకు కూర్చున్నాం. గిన్నెలో గరిటె పెట్టి తిప్పారు. మళ్ళీ తిప్పారు. అడుగున వెతికారు. నా వైపు చూసి, "ఉండలు యాడికి పోయినాయమ్మాయ్?" అన్నారు.

నిజం రాయాలి కదా. ఆ క్షణంలో నాకు మొదట కలిగింది జాలి కాదు. ఇరవై ఏళ్ళ క్రితం ఆ పదిమంది నవ్వు చెవుల్లో వినిపించింది. లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. మరుక్షణమే సిగ్గేసింది. ఆ సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి మామయ్య మాట అరువు తెచ్చుకున్నాను. "ఇయ్యాల పప్పుచారు చేశారు కదా అత్తమ్మా, బాగుంది" అన్నాను.

ఆవిడకు కోపం వచ్చింది. "నాకేమన్నా పిచ్చా? శనగపప్పుతో చారు ఎవరన్నా చేస్తారా? నాకు అబద్ధాలు చెప్పబాక" అని పళ్ళెం ముందు నుంచి లేచిపోయారు.

మామయ్య చెప్పినప్పుడు నన్ను ఆదుకున్న మాట, నేను చెబితే ఆవిడను కోసింది. ఎందుకో చాలా రోజులు ఆలోచించాను. మామయ్యా నేనూ ఇద్దరం చెప్పింది అబద్ధమే. కాకపోతే ఆ రోజు నాకు జరిగిందేమిటో నాకు తెలుసు. ఆవిడకు తెలియడం లేదు. తెలియక భయపడుతున్న మనిషికి ఇంకో అబద్ధం చెబితే కాలి కింద నేల ఇంకాస్త కదులుతుంది.

నెల్లూరులో డాక్టరుకు చూపించాం. ఏవేవో ప్రశ్నలు అడిగారు. "మీది ఏ జిల్లా?" అంటే అత్తమ్మ తడుముకోకుండా "నెల్లూరు జిల్లా" అన్నారు. మావారు కంగారుగా "కాదమ్మా, తిరుపతి జిల్లా" అన్నారు. నేను అడ్డుపడ్డాను. జిల్లా మారింది 2022 ఏప్రిల్‌లో. మా ఊళ్ళో సగం మంది ఇప్పటికీ నెల్లూరు జిల్లా అనే అంటారు. దానికి అత్తమ్మను తప్పు పట్టకండి అన్నాను. డాక్టరు నవ్వారు. కానీ మిగతా ప్రశ్నలకు నవ్వడానికేం లేకపోయింది. డిమెన్షియా మొదలైందన్నారు. పొయ్యి దగ్గర ఒంటరిగా వదలొద్దు, అయితే అలవాటైన పనులన్నీ మాన్పించి కూర్చోబెట్టొద్దు అని చెప్పారు.

మా ఇంట్లో అందరికీ మొదటి సగమే వినబడింది. గ్యాస్ బండ దగ్గర రెగ్యులేటర్ ఎప్పుడూ కట్టేసి ఉంచమన్నారు మావారు. వంటింటి తలుపుకు గడియ పెట్టుకోమని మా ఆడబిడ్డ బెంగుళూరు నుంచి ఫోను. "ఇన్నాళ్ళు చేసింది చాలు వదినా, అమ్మను కూర్చోబెట్టు" అంది. తను ప్రేమతోనే చెప్పింది. పాల గిన్నె మాడిన రోజు తల్చుకుంటే నాకూ భయమే. సరేనన్నాను.

రెగ్యులేటర్ కట్టేశాం. ఆవిడ వంటింట్లోకి రావడం, స్టవ్ తిప్పడం, వెలగకపోతే నా మొహంలోకి చూడటం. ఏమీ అనేవారు కాదు. మెల్లగా రావడమే మానేశారు. తిండి తగ్గింది. పొద్దున్నుంచి రాత్రిదాకా వరండాలో కుర్చీ. ఇల్లు మాత్రం భద్రంగా ఉంది.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చింది. 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ అంతకు ముందు నుంచే మా వైపు ఒకటే వాన. మా ఇంట్లో కరెంటు పోయింది. కూరగాయల బుట్టలో ఒక మునక్కాయ, సగం సొరకాయ, గుమ్మడికాయ ముక్క, నాలుగు ఎర్రగడ్డలు ఉన్నాయి. ముందు రోజు రాత్రి వడలకని నానబెట్టిన శనగపప్పు ఉంది. మిక్సీ లేదు. పెరటి వసారాలో మూలన బోర్లించిన చిన్న రోలు గుర్తొచ్చి తిప్పి, కడిగి పెట్టాను. నాకు అలవాటు లేదు. రెండుసార్లు తిప్పేసరికి పప్పు గోడల మీదికి, నేల మీదికి ఎగిరింది.

వెనక నుంచి, "లెయ్ లెయ్, నీకు చేతకాదు" అని వినిపించింది.

అత్తమ్మ పీట వేసుకుని కూర్చున్నారు. నా చేతిలోంచి గిన్నె లాక్కుని, పప్పులో ఉన్న నీళ్ళన్నీ వంచేశారు. జల్లెట్లో పోసి పక్కన పెట్టారు. "తొందరేముందిలే, వాడనీ" అన్నారు. తర్వాత ఎండు మిరపకాయలు, జీలకర్ర, ఉప్పు ముందు నలిపి, పప్పు పిడికెడు పిడికెడు వేస్తూ ఎడమచేత్తో లోపలికి తోస్తూ రుబ్బారు. చుక్క నీళ్ళు పొయ్యలేదు. అక్కడక్కడా పలుకులు ఉండగానే ఆపేశారు.

అప్పుడు నాకు తెలిసింది తప్పెక్కడ జరిగిందో. రోలుకు నీళ్ళు అక్కర్లేదు. మిక్సీ అలా కాదు, పప్పు బ్లేడు కింద ఇరుక్కుని తిరగనంటుంది, మనం గబుక్కున నీళ్ళు పోస్తాం. మతి బాగున్నప్పుడు ఆవిడ ఆపి ఆపి తిప్పుకుంటూ నెట్టుకొచ్చేవారు. మరుపు వచ్చాక ఆ జాగ్రత్త పోయింది. కొత్త కోడలిగా నేను చేసిన తప్పే ఆవిడా చేశారు. మిక్సీతో పని మర్చిపోయారు గానీ, చిన్నప్పటి నుంచి రోలు దగ్గర కూర్చున్న ఆ చేతులు మాత్రం ఏమీ మర్చిపోలేదు.

పొయ్యి పని నాది, ఉండల పని ఆవిడది. పులుసు మరుగుతుంటే పళ్ళెంలో చుట్టి పెట్టిన ఉండలు తెచ్చాను. "ముందు ఒకటే వెయ్. అది పైకి తేలితే మిగతావి" అని వసారాలోంచే చెప్పారు. వేశాను. మునిగింది. ఊపిరి బిగబట్టుకుని చూశాను. కాసేపటికి నెమ్మదిగా పైకొచ్చింది. ఇరవై ఏళ్ళు పక్కన నిలబడి చూడని మనిషిని, ఆ రోజు చూశాను.

అప్పట్నుంచి మా ఇంట్లో ఇదే పద్ధతి. నలుగురికి కొలత చెబుతాను. ముప్పావు గ్లాసు శనగపప్పు, పావు గ్లాసు కందిపప్పు కలిపి రెండు గంటలు నానబెట్టాలి. నీళ్ళు పూర్తిగా వాడ్చాలి. నాలుగు ఎండు మిరపకాయలు, అర చెంచా జీలకర్ర, చిటికెడు ఇంగువ, ఉప్పుతో కచ్చాపచ్చాగా రుబ్బాలి. సన్నగా తరిగిన ఎర్రగడ్డ, కరివేపాకు కలపాలి. పిండి తడిగా అనిపిస్తే ఒక చెంచా బియ్యప్పిండి. చిన్న నిమ్మకాయంత ఉండలు చెయ్యండి. పెద్దవి చేస్తే లోపల ఉడకవు.

పులుసుకు నిమ్మకాయంత చింతపండు, నాలుగు గ్లాసుల నీళ్ళు. తిరగమోతలో ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, నాలుగు తెల్లగడ్డ రెబ్బలు వేగాక ముక్కలు వేసి మగ్గించి, పసుపు, కారం, ధనియాల పొడి, చింతపండు రసం, చిన్న బెల్లం ముక్క. ఉండలు వేసేముందు పులుసు పల్చగా ఉన్నట్టే అనిపించాలి. ఉండలు రసం పీల్చుకుంటాయి, చల్లారేకొద్దీ చిక్కబడుతుంది. బాగా మరిగేటప్పుడు ఒకటి వేసి చూడండి. నిలిస్తే నాలుగైదేసి చొప్పున వేసి, మంట కొంచెం తగ్గించండి. పైకి తేలేదాకా గరిటె పెట్టొద్దు. భయం ఉన్నవాళ్ళు ఇడ్లీ పళ్ళేల్లో పది, పన్నెండు నిమిషాలు ఆవిరికి ఉడికించి వేసుకోవచ్చు. విరగవు. కాకపోతే పచ్చివి వేస్తేనే పులుసు రుచి లోపలిదాకా పడుతుంది.

మిక్సీలోనే చేసేవాళ్ళు నీళ్ళు పొయ్యకుండా, రెండు విడతలుగా, ఆపి ఆపి తిప్పుకోండి.

రోలు వచ్చినంత మాత్రాన అత్తమ్మ జబ్బు నయం కాలేదు. అలాంటి మాట చెప్పి మిమ్మల్ని మోసం చెయ్యను. కొన్ని రోజులు మా అబ్బాయి పేరు మర్చిపోతారు. కొన్ని సాయంత్రాలు మామయ్య ఇంకా రాలేదేమని అడుగుతారు. రెగ్యులేటర్ ఇప్పటికీ కట్టే ఉంటుంది. కానీ వారానికోసారి పప్పు నానబెట్టి, రోలు దగ్గర పీట వేస్తాను. ఆ రోజు మాత్రం పిలవకుండానే వచ్చి కూర్చుంటారు. ఆ రోజు అన్నం కూడా మారు పెట్టించుకుంటారు.

అబ్బాయి ఫోటో పంపిన రోజు సాయంత్రం వాన పడింది. అదే చేద్దామని పప్పు నానబెట్టాను. ఆవిడ రుబ్బారు. ఉండలు ఇద్దరం చుట్టాం. పద్నాలుగు వచ్చాయి. పులుసులో వేశాక ఒకటి రెండు ముక్కలైంది. వడ్డిస్తుంటే చూసేశారు.

"ఇదెవరు చేసింది?"

నిజంగానే నేను చేసిందే. నావి ఎప్పుడూ కాస్త పెద్దవిగా వస్తాయి. "నాదే అత్తమ్మా" అన్నాను.

ఆవిడ ఆ ముక్కను పళ్ళెంలోకి తీసుకుని, నా వైపు చూసి, తాపీగా అన్నారు. "బియ్యే చదివితే మాత్రం ఉండలు వస్తాయా?"

ఆ రోజు ఏ వారమో ఆవిడకు తెలియదు. ఆ మాట మాత్రం గుర్తుంది! ఇరవై ఏళ్ళు నన్ను పొడిచిన మాటే. మళ్ళీ ఎప్పుడైనా వింటానో లేదో అనిపించింది. "రావు అత్తమ్మా, మీరే నేర్పాలి" అన్నాను.

"రేపు చెప్తాలే, ముందు తిను" అన్నారు.