నిండేదాకా నిదానం, ఆ తర్వాత ఢమాల్!

పాత సినిమా హాళ్ళ బాత్రూముల్లో గోడ మీద ఒక నీళ్ళ ట్యాంకు ఉండేది, గుర్తుందా? ఎవరూ గొలుసు లాగక్కర్లేదు. సన్నటి ధారతో మెల్లగా నిండుతుంది. నీళ్ళు ఒక మట్టం దాటగానే లోపలున్న వంపు గొట్టం మొత్తాన్నీ ఒక్కసారిగా కిందకి లాగేస్తుంది. మళ్ళీ మొదలు.

రిలాక్సేషన్ ఆసిలేటర్ అంటే ఇంతే. లోలకంలా అటూ ఇటూ ఊగడం కాదు, కొంచెం కొంచెం కూడబెట్టి హద్దు దాటగానే వదిలేయడం. 1926లో దీని గణితాన్ని వివరించింది ఫిలిప్స్ కంపెనీలో పనిచేసిన వాన్ డెర్ పోల్. గుండె కొట్టుకోవడం కూడా ఈ బాపతేనని 1928లో వాన్ డెర్ మార్క్‌తో కలిసి సర్క్యూట్లు కట్టి మరీ చూపించాడు. నిజమే, గుండెలో లయని నడిపే కణాల్లో వోల్టేజి మెల్లగా పెరిగి, హద్దు చేరగానే ఒక్కసారి ఎగుస్తుంది.

ఈసీఈ వాళ్ళకి 555 టైమర్ చుట్టమే కదా! కెపాసిటర్ సప్లై వోల్టేజిలో మూడింట రెండొంతులకి చేరితే ఖాళీ చెయ్యడం, ఒక వంతుకి దిగితే మళ్ళీ నింపడం. రెండు హద్దులూ కట్టుదిట్టం కాబట్టే అది ఎప్పుడు మారుతుందో ముందే లెక్క కట్టగలం.

అసలు తిరకాసు హద్దు కదిలినప్పుడే. కాలిఫోర్నియాలో పార్క్‌ఫీల్డ్ అనే చిన్న ఊరుంది. అక్కడ 1857, 1881, 1901, 1922, 1934, 1966లలో ఒకే మోస్తరు భూకంపాలొచ్చాయి. సగటున 22 ఏళ్ళకోటి! ఇంకేం, తర్వాతది 1993 లోపు రావడం దాదాపు ఖాయమని 1985లో అమెరికా భూగర్భ శాస్త్రజ్ఞులు ప్రకటించి, ఊరి చుట్టూ పరికరాలు పెట్టుకుని కూర్చున్నారు. అది వచ్చింది 2004 సెప్టెంబరు 28న. అన్ని పరికరాలున్నా, ముందస్తుగా నమ్మదగ్గ సూచన ఏదీ కనబడలేదు. రాళ్ళ మధ్య ఒత్తిడి పెరుగుతూనే ఉంటుంది, కానీ ఎంత ఒత్తిడికి అవి జారతాయో, జారినప్పుడు ఎంత ఖాళీ అవుతుందో ప్రతిసారీ ఒకేలా ఉండదు.

మన సర్వర్ల సంగతీ చూడండి. మెమరీ లీకున్న ప్రోగ్రామ్ అచ్చమైన రిలాక్సేషన్ ఆసిలేటరే. నిండుతుంది, పడిపోతుంది, రీస్టార్ట్ చేస్తే మళ్ళీ నిండుతుంది. పది రోజులకోసారి పడుతోందని ప్రతి ఆదివారం రీస్టార్ట్ చేసేలా క్రాన్ జాబు పెట్టేసి చేతులు దులుపుకుంటాం. పండగ సేల్ వచ్చి ట్రాఫిక్ నాలుగింతలైతే ఆ పది రోజులు రెండున్నరవుతాయి. ఆదివారం దాకా ఆగమంటే అది ఆగుతుందా?

నా మటుకు నాకు అర్థమైంది ఇదీ. మట్టం కంటికి కనబడితే, కేలెండర్ పక్కన పెట్టి మట్టాన్ని చూడాలి. సర్వర్లో ఆ వీలుంది, వాడుకోకపోవడం మన బద్ధకం. భూమిలో ఆ వీలు లేదు, కాబట్టి తేదీ కోసం ఎదురుచూడకుండా ఇళ్ళు గట్టిగా కట్టుకోవాలి. "ఇన్నేళ్ళూ ఏం కాలేదు కదా" అనేవాళ్ళకి నా జవాబొక్కటే. ఇన్నేళ్ళూ నిండుతూనే ఉంది బాబూ!