కృష్ణానగర్‌లో పైథాన్ పాఠం

సినిమా కలతో హైదరాబాద్ వచ్చినవాళ్లకు కృష్ణానగర్ పాత చిరునామా. జూనియర్ ఆర్టిస్టులు, అసిస్టెంట్ డైరెక్టర్లు ఎందరో ఇక్కడి ఇరుకు గదుల్లో ఏళ్లు గడిపారు. ఆ సందుల్లోనే ఒక మేడమీద విజువల్ ఎఫెక్ట్స్ నేర్పే చిన్న సంస్థ ఉందని విని చూడ్డానికి వెళ్లాను. బయటి వెలుతురు తెరలమీద పడకుండా కిటికీలకు నల్లగుడ్డ కట్టారు.

ముందు వరసలో భీమవరం కుర్రాడు రోటో చేస్తున్నాడు. అంటే పరుగెత్తే మనిషి చుట్టూ గీత గీసి, వెనక దృశ్యం నుంచి అతన్ని విడదీయడం. ఐదు సెకన్ల షాటు. సెకనుకు 24 చొప్పున 120 ఫ్రేములు. మాస్టారు వచ్చి చూశారు. "మొత్తం మనిషిని ఒక్క గీతలో పట్టలేవు నాన్నా. భుజం వేరు, మోచెయ్యి కింద వేరు, అరచెయ్యి వేరు. కీలు ఎక్కడ కదిలితే అక్కడ విడగొట్టు" అన్నారు. కుర్రాడు చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాడు. రోటోను కూలిపనిగా చూసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఒంటి కదలికను ఇంత దగ్గరగా చూసిన కన్ను తర్వాత ఏ ఎఫెక్టు చేసినా అక్కరకొస్తుంది.

అతని పక్కనే జగిత్యాల అమ్మాయి. ఆకుపచ్చ తెర ముందు తీసిన నటిని న్యూక్ అనే సాఫ్ట్‌వేర్‌లో కోట బొమ్మ మీద కూర్చింది. జుట్టు చుట్టూ సన్నని నల్ల అంచు మిగిలిపోయింది. మాస్టారు మౌసు ముట్టుకోకుండా బోర్డు మీద సూత్రం రాశారు: కింది బొమ్మను ఒకటిలోంచి ఆల్ఫా (పై బొమ్మ ఆ చోట ఎంత కప్పుతుందో చెప్పే అంకె) తీసేసిన అంకెతో గుణించి, ఆల్ఫాతో ఒక్కసారి గుణించిన పై బొమ్మకు కలపాలి. థామస్ పోర్టర్, టామ్ డఫ్ 1984లో ప్రచురించిన లెక్క ఇది. బొమ్మల్ని ఇలా కలిపే కంపోజిటింగ్‌కు నేటికీ పునాది ఇదే.

"పై బొమ్మను ఆల్ఫాతో ఎన్నిసార్లు గుణించావమ్మా?"

ఆమె నోడ్లన్నీ, అంటే న్యూక్‌లో ఒక్కో పనికి పెట్టిన డబ్బాలన్నీ, వరసగా చూసుకుంటూ వెళ్లి, "రెండుసార్లయింది సార్" అంది. వెంట్రుకల అంచున సగం ఉండాల్సిన వెలుగు పావుకు పడిపోయిందన్నమాట. అదనపు నోడు తీసేయగానే అంచు మాయమైంది. "డిగ్రీల మ్యాథ్స్ చదివిన. ఇక్కడ పనికొస్తదని అనుకోలే" అని నాతో అంది. ఆమె ముఖంలో సంతోషం చూసి నాకూ ఉత్సాహం కలిగింది.

మధ్యాహ్నం పైథాన్ క్లాసు. మాయా, న్యూక్, హౌదిని సాఫ్ట్‌వేర్లు మూడింటిలోనూ నడిచే ప్రోగ్రామింగ్ భాష కాబట్టి ఇక్కడ అందరికీ తప్పనిసరి. ఆ రోజు పని: రాత్రంతా రెండరైన (కంప్యూటర్ ఫ్రేము ఫ్రేముగా తయారుచేసిన) షాట్లలో ఏ ఫ్రేము తప్పిపోయిందో పట్టుకోవడం. స్టూడియోల్లో షాటును సాధారణంగా 1001వ ఫ్రేము నుంచి లెక్కపెడతారు. ఆ లెక్కన మన ఐదు సెకన్ల షాటు 1120తో ముగియాలి. ఒక్కో ఫోల్డరూ తెరిచి కళ్లతో వెతికితే పూట గడిచిపోతుంది. ఒక విద్యార్థి రాసిన చిన్న ప్రోగ్రాము అన్నీ గాలించి, లేని అంకెల్నీ, పుట్టినా ఖాళీగా మిగిలిన ఫైళ్లనూ క్షణాల్లో చూపెట్టింది. ఇలాంటి పనిముట్లు తయారుచేసేవాళ్లనే స్టూడియోల్లో పైప్‌లైన్ టీడీలు (టెక్నికల్ డైరెక్టర్లు) అంటారు. వాళ్ల పేర్లు ప్రేక్షకుడికి తెలియవు గానీ, వాళ్లు లేకపోతే వందల షాట్ల సినిమా గడువుకు అందదు.

చేతిపనీ కోడూ ఒకే మనిషికి నేర్పాలన్నది ఈ మాస్టారి పట్టుదల. నాకు అందులో ముందుచూపు కనిపించింది. 2021లో వచ్చిన న్యూక్ 13లో కాపీక్యాట్ అనే పనిముట్టు ఉంది. కొన్ని ఫ్రేములకు మనిషి గీసిచ్చిన రోటో చూసి, మిగతావి తానే చేయడం నేర్చుకుంటుంది. గీత తప్ప ఇంకేమీ రానివాడికి ఇది గండం. గీతా, కోడూ రెండూ తెలిసినవాడికి కొత్త బలం.

2012లో వచ్చిన ‘ఈగ’ సినిమా స్పెషల్ ఎఫెక్ట్స్‌కు జాతీయ అవార్డు తెచ్చుకున్న సంగతి ఇక్కడి పిల్లలందరికీ తెలుసు. ఈ రంగానికి రెండో వైపు కథ కూడా మాస్టారు దాచకుండా చెబుతారు. ‘లైఫ్ ఆఫ్ పై’లో పులికి ప్రాణం పోసిన రిథమ్ అండ్ హ్యూస్‌కు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆ చిత్రానికి ఆస్కార్ అందడానికి కొద్దిరోజుల ముందే ఆ సంస్థ దివాలా తీసింది.

నేను బయల్దేరబోతుండగా ఇంటర్ పాసైన కొడుకుతో ఒకాయన వచ్చారు. "ఉద్యోగం గ్యారంటీయేనా సార్?" అని అడిగారు.

"గ్యారంటీ ఇవ్వలేనండి. బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్ ఉచితం. న్యూక్‌లో, హౌదినిలో నేర్చుకునేవాళ్లకు ఉచిత వెర్షన్లున్నాయి. నెల్లాళ్లు ఇంట్లో కూర్చుని చెయ్యనివ్వండి. ఇష్టం నిలబడితే అప్పుడు తీసుకురండి."

తండ్రి ఆ పేర్లు కొడుకు చేత ఫోన్లో రాయించుకుని, ఫీజు కట్టకుండానే వెళ్లారు. సంస్థకు ఆ రోజు ఒక అడ్మిషన్ తగ్గింది. నన్నడిగితే, పిల్లల్ని ఇలా చెప్పేవాళ్ల దగ్గరికే పంపమంటాను.