మొయినాబాదు బాటలో ఒక కోత పండుగ



గడచిన కోత పండుగకు మొయినాబాదు మండలములోని ఒక చిన్న సంఘమువారు మమ్మును వాక్యపరిచర్యకు పిలిచారు. ఆదివారము ఆరాధన జరిగించి, ఆ రాత్రి అక్కడే ఉండి, సోమవారము చేవెళ్లలో ఒక పనికి తోడుగా రావాలని కోరారు. ఆ పని ఏమిటో అప్పుడు చెప్పలేదు. ఆ రెండు రోజులలో మేము అక్కడ చెప్పిన వాక్యము కొంచెము. నేర్చుకొని వచ్చినది ఎక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

తెల్లవారుజామున మెహదీపట్నములో బస్సు ఎక్కాము. పట్నము దాటిన తరువాత ఈ రోడ్డు రెండు పెద్ద చెరువుల నడుమ సాగిపోతుంది. కుడివైపున మూసీనది మీద కట్టిన గండిపేట, అనగా ఉస్మాన్‌సాగర్. ఎడమవైపున ఈసీనది మీద కట్టిన హిమాయత్‌సాగర్. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలాది ప్రాణములను బలిగొన్నది. ఆ తరువాత విశ్వేశ్వరయ్యగారి సలహామీద నిజాము ప్రభుత్వము ఈ చెరువులను తలపెట్టింది. గండిపేట 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తి అయినవి. ఒకనాడు ఇండ్లను ముంచిన నీళ్ళే, కట్ట వేసి తూము పెట్టిన తరువాత తరతరములకు త్రాగునీరైనవి.

ఈ చెరువుల కోసమే 1996 మార్చి 8న ప్రభుత్వము జి.ఓ. 111 తెచ్చి, చుట్టుప్రక్కల 84 గ్రామాలలో కట్టడాలకు హద్దులు పెట్టింది. 2022 ఏప్రిల్‌లో ఆ హద్దులను తొలగిస్తూ జి.ఓ. 69 వచ్చింది. అప్పటినుండి ఈ ప్రాంతములో ఎక్కడ ఇద్దరు కలిసినా భూముల ధరల మాటే. ఒకప్పుడు జొన్న పండిన చెలకలకు ఇప్పుడు కోట్లలో ధర చెబుతున్నారు. ఇదియును ఒక వరదయే. ఈ వరదలో మన చిన్న సంఘములు ఎలాగు నిలుచుచున్నవో చూడాలని మా మనసులో ఉన్నది.

ఊరి పేరు వ్రాయవద్దని పెద్దలు కోరారు గనుక వ్రాయుట లేదు. మేము బస్సు దిగేసరికి యౌవనస్థులు ఇద్దరు ఎదురువచ్చారు. మందిరము రేకుల కప్పుది. గోడలకు కొత్తగా సున్నము వేశారు. గుమ్మమునకు బంతి తోరణము కట్టారు. ఆ చుట్టుప్రక్కల పూలతోటలు, కూరగాయల సాగు ఎక్కువ గనుక బల్ల ముందర చామంతులు, గులాబీలు కుప్పగా పోశారు. వాటి ప్రక్కన టమాటలు, క్యారెట్ గడ్డలు, మొక్కజొన్న కంకులు, కందులు, రెండు గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన ఒక కోడిపుంజు. ప్రార్థన మధ్యలో అది రెండుసార్లు కూసింది; పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు. పంట ఎందుకు పండిందో దానికి కూడ తెలిసినట్లున్నదని మేము అనగా పెద్దలు కూడ నవ్వారు.

కానుకల వేళ స్త్రీల సమాజమువారు ఒక్కొక్కరుగా లేచి, చిన్న సంచులతో తెచ్చిన బియ్యమును పెద్ద గంపలో పోశారు. ఇది గుప్పెడు బియ్యపు కానుక. పొయ్యిమీద ఎసరు పెట్టిన ప్రతిసారి ఇంటి ఇల్లాలు ఒక గుప్పెడు తీసి ప్రభువు పేరట వేరే కుండలో వేస్తుంది. దోర్నకల్ బిషప్పు అజరయ్యగారు, 1912లో ఆ పదవికి అభిషేకము పొందిన మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు, క్రైస్తవుల ఈవిని గురించి ప్రత్యేకముగా ఒక పుస్తకము వ్రాశారు. బీదసంఘము ఇతరుల మీద ఆధారపడకుండ తన చేతితో తాను ఇచ్చుట నేర్చుకోవాలనునది ఆయన ఆశ. ఈ గంపను చూచినప్పుడు ఆ ఆశ మాకు జ్ఞాపకము వచ్చింది.

ఆశీర్వాదము అయిన తరువాత మేము లేవబోతుండగా ఒక పెద్దాయన, "అయ్యగారూ, జర కూసోండ్రి, లెక్క అయితది" అన్నాడు. బల్లమీద తెల్లగుడ్డ పరచి, అందరి ఎదుట ఇద్దరు లెక్కపెట్టారు. ఒకరు పురుషుడు, ఒకరు స్త్రీ. మూడవవాడు పుస్తకములో వ్రాశాడు. బియ్యము కొలిచారు. కూరగాయలు, కోడి వేలము వేశారు. పాట ఎవరిది, ఎంత, అప్పుడే ఇచ్చారా, బాకీయా, అన్నీ వ్రాశారు. తలుపు ప్రక్కన ఒక నల్లబల్ల ఉన్నది. పోయిన వారము నిలువ, ఈ వారము రాబడి, ఖర్చు, మిగులు దానిమీద సుద్దతో వ్రాశారు. బడికి పోయే పిల్ల ఒకతె కూడిక సరిచూచి చెప్పింది. ఇదంతయు అరగంట పని.

"ప్రతి ఆదివారము ఇట్లనేనా?" అని అడిగాము.

"పెద్ద గుడిల నూరు రూపాయలు పోయినా ఎరుకగాదు అయ్యగారూ. మా గుడిల పది పోతె ఎరుకైతది" అన్నాడాయన.

ఆ మాట మాకు సూటిగా తగిలింది. కారణము దాచక చెబుతాము. చాలా సంవత్సరముల క్రిందట, మరియొక ఊరిలో పరిచర్య చేయుచున్నప్పుడు, మందిరపు కప్పు కొరకు ప్రోగైన సొమ్మును మేమే మా ఇంటి బీరువాలో ఉంచాము. దానికి వేరే సంచి లేదు, వేరే పుస్తకము లేదు. ఇంట్లో బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు అందులోనుండి తీశాము. జీతము రాగానే వేశాము. మరల తీశాము, మరల వేశాము. ఒక పైసా మ్రింగలేదని మా మనస్సాక్షి చెప్పింది గాని, సంఘ పెద్ద ఒకరు లెక్క అడిగిన దినమున చూపుటకు కాగితము లేదు. సిగ్గుపడవలసినది పోయి కోపపడ్డాము. "కాపరిని అనుమానిస్తారా?" అన్నాము. ఆ తరువాత రెండు కుటుంబములు మందిరమునకు రావడము మానుకొన్నవి. వారి ఇండ్లకు వెళ్ళి క్షమాపణ కోరుటకు మాకు ఏడాది పట్టింది. ఒక కుటుంబము తిరిగి వచ్చింది, రెండవది రాలేదు.

రెండవ రాజుల గ్రంథము పండ్రెండవ అధ్యాయము తెరచి చూడండి. మందిరము బాగుచేయుమని యోవాషు రాజు యాజకులకు సొమ్ము అప్పగించాడు. ఇరువది మూడవ ఏడు వచ్చినా పగుళ్ళు అలాగే ఉన్నవి. యాజకులు దొంగిలించారని అక్కడ వ్రాయబడలేదు; పని మాత్రము జరగలేదు. అప్పుడు యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు బెజ్జము పెట్టి, బలిపీఠము దగ్గర ఉంచాడు. పెట్టె నిండినప్పుడు రాజు లేఖరియు ప్రధాన యాజకుడును కలిసి లెక్కించారు. అంతట వడ్రంగులకు, తాపీవారికి కూలి అందింది, పగుళ్ళు పూడినవి. పౌలు కూడ యెరూషలేము బీదలకు కానుక పంపునప్పుడు, ఎవరును తప్పు పట్టకుండ తీతుతో మరికొందరు సహోదరులను తోడుపంపాడు. అపొస్తలునికే సాక్షులు కావలసివచ్చినప్పుడు మనకు అక్కరలేదా?

మధ్యాహ్నము ప్రేమవిందు జరిగింది. మిగిలిన అన్నము, పప్పు గిన్నెలకు ఎత్తి, రాలేకపోయిన ముసలివారి ఇండ్లకు పంపిన తరువాతనే వడ్డించినవారు కూర్చున్నారు. అయిదు వేలమంది తృప్తిపొందిన తరువాత కూడ ప్రభువు ముక్కలు ప్రోగుచేయించాడు కదా.

సాయంకాలము పెద్దలు చేవెళ్ల పని సంగతి చెప్పారు. మందిరము ఉన్న అయిదు గుంటల జాగను చాలా ఏండ్ల క్రిందట ఒక విశ్వాసి నోటిమాటగా ఇచ్చాడు. కాగితములలో మాత్రము ఆయన పేరే ఉండిపోయింది. ఆయన ప్రభువునందు నిద్రించాడు, కొడుకు కూడ పోయాడు. మనుమడు ఆటో నడుపుకొంటున్నాడు. ఒక దళారి ఆ అబ్బాయి దగ్గరకు వచ్చి, "జాగ మీ తాత పేరు మీదనే ఉన్నది, మాకియ్యి" అని ఆశపెట్టాడు. సంఘములో కూడ కొందరు, అమ్మి ఆ సొమ్ములో వాటా తీసుకొని వేరేచోట పెద్ద మందిరము కట్టుదామన్నారు. "మెదక్ గుడి లెక్క కట్టాలె" అన్నాడట ఒక యౌవనస్థుడు. దానికి ఒక ముసలామె, "మెదక్ గుడి కరువుల కట్టిన్రు బిడ్డా, ఆకలైనోళ్ళకు కూలి దొరకాలని. మనం ఒకని జాగ అమ్ముకొని కడ్తమా?" అన్నది. ఆమె చెప్పినది నిజమే. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ మహా మందిరమును పాస్నెట్ దొరగారు కట్టించుచుండగా, కరువు కాలములో ఎందరికో అక్కడి పనియే అన్నము పెట్టింది.

పెద్దలు ఆ అబ్బాయిని గద్దించలేదు. ఇంటికి వెళ్ళి ప్రార్థన చేసి, "నిర్ణయము నీదే" అని వచ్చారు. అతడు మూడు ఆదివారములు మందిరమునకు రాలేదు. నాలుగవ ఆదివారము వచ్చి, సంఘపు లెక్కల పుస్తకములు చూపమన్నాడు. పాత పెట్టెలోనుండి అన్నీ తీసి ముందర పెట్టారు. అన్నిటికంటె పాత పుస్తకములో ప్రతి పుట క్రింద అతని తాత సంతకమున్నది. ఆయనే మొదటి కోశాధికారి. గుప్పెడు బియ్యము అమ్మిన అణాపైసలతో సహా వ్రాసియున్నది. ఆ అబ్బాయి చాలాసేపు పుటలు త్రిప్పి, "మా తాత ఇంత సక్కగ రాసిన గుడిని నేనెట్ల అమ్ముత?" అన్నాడట.

సోమవారము అందరమును చేవెళ్లకు బయలుదేరాము. మీర్జాగూడ దగ్గరకు రాగానే బస్సులో మాటలు ఆగిపోయినవి. 2025 నవంబరు 3న అక్కడ కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది చనిపోయారు. మేము తలలు వంచి, ఆ కుటుంబముల కొరకు ప్రార్థించాము. ఈ రోడ్డు ప్రక్కన తరతరముల మర్రిచెట్లు వందలకొలది ఉన్నవి. రోడ్డు వెడల్పు చేయు విషయములో వాటిని గూర్చి హరిత ట్రిబ్యునలు వరకు వ్యాజ్యము నడిచింది. ప్రయాణికుల ప్రాణమును కావాలి, తాతలు నాటిన నీడయు కావాలి. పోగొట్టుకొనుట ఒక్క దినపు పని, పెంచుట నూరేండ్ల పని.

సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో నాయనమ్మ, మేనత్తలు, ఆ అబ్బాయి, వారసులందరును సంతకములు, వ్రేలిముద్రలు వేశారు. జాగ పెద్దల పేరట గాని, కాపరి పేరట గాని కాక, సంఘపు ట్రస్టు పేరట దానపత్రముగా నమోదైంది. మేము సాక్షి సంతకము చేశాము. ఖర్చులకు మూడేండ్లుగా ప్రక్కన పెట్టిన గుప్పెడు బియ్యపు సొమ్ము వాడారు. చాలనిది పెద్దలు వేసుకొన్నారు. బయటికి వచ్చి అందరము టీ త్రాగాము. ఆ టీ మాత్రము ఎవరి జేబునుండి వారే. "ఇది సంఘపు ఖర్చు గాదు" అన్నాడు పెద్దాయన. ఆటో అబ్బాయి మాత్రము తన నాయనమ్మది, మాది కలిపి తానే ఇచ్చాడు.

ప్రియులారా, మీ సంఘము ఏ ఊరిలో ఉన్నను, ఈ వారమే కొన్ని సంగతులు చూచుకొనండి. కానుక లెక్కించుటకు ఇద్దరున్నారా? లెక్క అందరికి కనబడుచున్నదా? మందిరపు జాగ ఎవరి పేరట ఉన్నది? ఇచ్చినవారు బ్రదికియుండగానే కాగితము సరిచేయించండి. కాపరులైన మా తోటివారికి ఒక మనవి: లెక్క అడిగినవానిని శత్రువుగా చూడవద్దు. అతడు మన పరిచర్యకు కట్ట వేయుచున్నాడు.

తిరిగి వచ్చునప్పుడు గండిపేట వైపు చూచాము. పొద్దు వాలుచున్నది. ఇంటికి చేరగానే మా బీరువాలోని సంఘపు కాగితములు తీసి, మరుసటి ఆదివారము కోశాధికారికి, మరియొక పెద్దకు అందరి ఎదుట అప్పగించాము. కొంచెములో నమ్మకముగా ఉండుటకు ప్రభువు మీకును మాకును కృప దయచేయును గాక. ఆమేన్.