చక్రం తిరగని మూడు రోజులు

అమెరికాలో పెద్ద ట్రక్కింగ్ కంపెనీలో కొత్తగా చేరబోయే డ్రైవరుకు ముందు లారీ చూపించరు, కుర్చీ చూపిస్తారు. సాధారణంగా అది సోమవారం ఉదయం. ఎక్కడో వేరే రాష్ట్రంలో బస్సెక్కి, కంపెనీ తీసిచ్చిన టికెట్టు మీద వచ్చి, ముక్కూమొహం తెలియని మనిషితో మోటెల్ గది పంచుకుని, తెల్లారేసరికి వ్యానులో టెర్మినల్‌కు చేరినవాళ్లంతా ఒక హాల్లో కూర్చుంటారు. మూడు రోజులో, నాలుగు రోజులో, కొన్నిచోట్ల వారమో అక్కడే. మూత్రపరీక్ష, రక్తపోటు, బరువులెత్తించడం, వీడియోలు, సంతకాలు, యార్డులో ట్రెయిలరును వెనక్కి పెట్టించడం, మళ్లీ సంతకాలు. దీనికి ఓరియంటేషన్ అని పేరు. ఫోన్లో రిక్రూటర్ మాట్లాడినప్పుడు ఉద్యోగం వచ్చేసినట్టే ఉంటుంది. హాల్లో కూర్చున్నాకే ఇంకా రాలేదని తెలుస్తుంది. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అన్న మన సామెత అర్కన్సాలోనూ మిస్సోరీలోనూ చెల్లుతుంది. ఇందులో ఏదో ఒక కంపెనీ దుర్మార్గం కన్నా లెక్కలో ఉన్న తప్పే ఎక్కువని నాకనిపిస్తుంది. ఈ రోజులకు పాఠం అని పేరుపెట్టారు గానీ ఇవి పని దినాలు. పని దినాలైతే మొదటి రోజు నుంచే కూలి కట్టాలి, ఆ డ్రైవరు చివరికి నెగ్గినా సరే, ఇంటికి పోయినా సరే.

పని అనడానికి అక్కడ తయారయ్యే సరుకేమిటో చూడాలి. ఆ సరుకు ఒక ఫైలు. 2000 జనవరి 1 నుంచి పనిచేస్తున్న ఫెడరల్ మోటార్ క్యారియర్ సేఫ్టీ అడ్మినిస్ట్రేషన్ అనే కేంద్ర సంస్థ, కంపెనీలు ప్రతి డ్రైవరు పేరునా ఒక అర్హతల ఫైలు ఉంచాలంటుంది. అందులో పదేళ్ల ఉద్యోగ చరిత్రతో దరఖాస్తు ఉండాలి. గత మూడేళ్ల యజమానులను వాకబు చేసిన కాగితాలుండాలి. రెండేళ్లకు మించి చెల్లని వైద్య ధ్రువీకరణకు ఆధారముండాలి. చూపు 20/40కి తగ్గకూడదు, ఐదడుగుల దూరాన గుసగుసలాడితే వినపడాలి. (పెళ్లిచూపుల్లో కూడా ఇంత చూడరు.) 1991 నాటి చట్టం పెట్టిన మత్తుమందుల పరీక్ష సరేసరి, 2020 జనవరి నుంచి క్లియరింగ్‌హౌస్ అనే దేశవ్యాప్త చిట్టాలో కూడా పేరు వెతికి చూడాలి. రోడ్డు టెస్టు చేసిన పత్రమో, దాని బదులు లైసెన్సు నకలో ఉండాలి. ఫెడరల్ నిబంధనలు గట్టిగా పట్టుకునేది ఈ కాగితాలనే. మూడు రోజుల తరగతి ఫలానా తీరుగా జరగాలని అవి చెప్పవు. తరగతి కంపెనీల కల్పన. దానికి కారణం తేలికే: దేశం నలుమూలలా ఉన్న మనుషుల్ని ఒకచోట కూర్చోబెడితే ఫైళ్లు తొందరగా, చవగ్గా నిండుతాయి. వాటితోపాటే చట్టం అడగని కాగితాలు కూడా చేరతాయి. ఫోను పట్టుకోనని, ఇంధనం కార్డు దుర్వినియోగం చేయనని, భద్రతా వీడియో చూశానని ఒక్కో దానికీ ఒక్కో సంతకం. ఆడిట్ వచ్చినా, ఇన్సూరెన్సువాళ్లు అడిగినా, కోర్టు పిలిచినా కంపెనీ మేం చెప్పాం అనగలగడం ఆ సంతకం చలవే.

మరి నేర్పరా? నేర్పుతారు, కొంత. పదకొండు గంటలకు మించి నడపరాదు, పనిలోకి దిగి పద్నాలుగు గంటలు దాటాక చక్రం ముట్టరాదు, పది గంటల విశ్రాంతి తప్పనిసరి. ఈ లెక్కలు లైసెన్సు ఉన్న ప్రతివాడికీ తెలిసినవే. 2017 డిసెంబరు నుంచి తప్పనిసరైన ఎలక్ట్రానిక్ లాగ్ యంత్రంలో వాటిని ఎలా నొక్కాలో మాత్రం ఒక్కో కంపెనీలో ఒక్కో రకం, అది చూపించాల్సిందే. వెనక్కి పెట్టేముందు దిగి చూడు అనేదాన్ని ఇంగ్లీషులో నాలుగక్షరాలకు కుదించి గోల్ అంటారు. మన చెవికి గోలగా వినపడినా, ట్రక్కింగ్‌లో అంతకన్నా విలువైన మాట ఇంకోటి లేదు. కానీ 53 అడుగుల ట్రెయిలరు, సరుకుతో కలిపి 80,000 పౌండ్లు అంటే 36 టన్నుల పైచిలుకు బరువు, దిగుడు రోడ్డులో దాన్ని ఏ గేరులో పట్టుకోవాలో, మంచు పలచగా పరుచుకున్న వంతెనను దూరాన్నుంచే ఎలా పోల్చుకోవాలో కుర్చీలో కూర్చున్నవాడికి రాదు. గట్టు మీద ఈత అది. స్కూల్లోనైనా వచ్చి ఉంటుందా అంటే అదీ అనుమానమే. 2022 ఫిబ్రవరి 7 నుంచి కొత్త డ్రైవర్లకు ప్రాథమిక శిక్షణ తప్పనిసరి చేశారు. 2016లో ఆ నిబంధన ముసాయిదాలో కనీసం 30 గంటలు స్టీరింగు పట్టించాలని ఉంది. అదే ఏడాది చివర్లో వచ్చిన తుది రూపంలో ఆ గంటలు మాయమయ్యాయి, శిక్షకుడు చాలనుకుంటే చాలు. కాబట్టి అసలు చదువు ఓరియంటేషన్ అయ్యాక, ట్రైనర్ పక్కన కూర్చుని తిరిగే వారాల్లో మొదలవుతుంది. అది ఎలా జరుగుతుందన్నది ట్రైనరు మంచితనం మీద, ఓపిక మీద, లోడు తొందర మీద ఆధారపడుతుంది.

ఆ తొందర ఎలాంటిదో టెక్సస్‌లోని ఒక కేసు చూపిస్తుంది. 2014 డిసెంబరు 30న ఒడెస్సా దగ్గర మంచుగడ్డ కట్టిన రోడ్డు మీద ఒక పికప్ జారి, మధ్య గడ్డి దాటి, ఎదురుగా వస్తున్న వెర్నర్ కంపెనీ లారీకి తగిలింది. ఏడేళ్ల పిల్లవాడు పోయాడు, ఒక అమ్మాయికి కాళ్లూ చేతులూ పడిపోయాయి. లారీ నడుపుతున్నది శిక్షణలో ఉన్న కుర్రాడు. ట్రైనరు వెనక బెర్త్‌లో నిద్రపోతున్నాడు. 2018లో జ్యూరీ దాదాపు 9 కోట్ల డాలర్ల పరిహారం కట్టమంది. తప్పులో 70 వంతులు కంపెనీ పెద్దల మీద, 14 వంతులు మాత్రమే ఆ కుర్రాడి మీద వేసింది. 2025 జూన్‌లో టెక్సస్ సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. లారీ వేగంగా పోవడం తప్పే కావచ్చు గాని, ప్రమాదానికి అసలు కారణం పికప్ అదుపు తప్పి ఎదురుగా రావడమేనంది. న్యాయం ఎటుందన్నది పక్కన పెడదాం. ఆ వ్యాజ్యం చాలావరకు కంపెనీ తన డ్రైవరుకు ఏం నేర్పింది, ఏం చెప్పింది, అతణ్ని ఎలా పంపింది అన్న ప్రశ్నల చుట్టూ తిరిగింది. అలాంటి రోజున బయటికి తీసే మొదటి కాగితాలు ఓరియంటేషన్‌లో పెట్టించుకున్న సంతకాలే. వాటి విలువ తెలియనంత అమాయకులు కంపెనీ వకీళ్లు కారు.

ఇంత విలువున్న పని లెక్కకు రాకపోవడానికి మూలం మైలు కూలిలో ఉంది. దూరప్రయాణాల డ్రైవర్లలో చాలామందికి తిరిగిన మైళ్లకే డబ్బు. గోడౌను దగ్గర లోడు కోసం కాచుకున్న గంటలు, టైర్లు చూసుకున్న గంటలు, తనిఖీలో నిలబడ్డ గంటలు సగానికి సగం గాలికి పోతాయి. 1938 నాటి వేతన చట్టం కనీస కూలినైతే ఇచ్చింది గాని, రాష్ట్రాలు దాటే లారీ డ్రైవర్లను ఓవర్‌టైం నుంచి మినహాయించింది. చక్రం తిరిగితేనే పని అనే అలవాటు అంత లోతుకు దిగినచోట, చక్రమే లేని మూడు రోజులు పనిగా కనపడమంటే ఎలా కనపడతాయి?

కంపెనీలు దీనికి చెప్పే జవాబు చులకనగా తీసేసేది కాదు. బస్సు టికెట్టు, మోటెల్, భోజనం, పరీక్షల ఖర్చు అన్నీ మావే. వచ్చినవాళ్లలో కొందరు రెండో రోజే జారుకుంటారు, ఇంకొందరు పరీక్షలో దొరికిపోతారు, అలాంటివాళ్లకు కూలి కూడా ఇవ్వాలా అంటారు. ఖర్చు నిజమే. కానీ అది సరుకు తయారీ ఖర్చు. ఇటుకబట్టీ యజమాని మట్టి కొన్నానని చెప్పి కూలి ఎగ్గొట్టడు. జారుకునేవాళ్ల సంగతి చెప్పాలంటే, ఫోన్లో చెప్పిన మైళ్లూ ఇంటికి పంపే రోజులూ హాల్లోకి వచ్చాక మారిపోతే మనిషి లేచిపోవడంలో వింత లేదు. పెద్ద కంపెనీల్లో ఏటా మానేసేవాళ్ల నిష్పత్తి చాలాకాలం తొంభై శాతం చుట్టుపక్కల తిరిగిందని యజమానుల సంఘం లెక్కలే చెప్పాయి. అంత ధారాళంగా మనుషుల్ని రప్పించి వదిలేయగలగడానికి ఒక కారణం, రప్పించడం చవక కావడమే. మొదటి రోజు నుంచి కూలి కట్టాల్సివస్తే మూత్రపరీక్ష, పాత యజమానుల వాకబు డ్రైవరు సొంత ఊళ్లోనే ముగించి, తేలినవాళ్లకే టికెట్టు పంపుతారు. జల్లెడ గట్టిగానే ఉండాలి. రోడ్డు మీద మనందరి ప్రాణాలూ ఆ జల్లెడ మీదే ఉన్నాయి, దాన్ని వదులు చేయమని ఎవరూ అనరు. జల్లించేవాడి కాలానికి జీతం ఉన్నప్పుడు జల్లెడలో పడ్డవాడి కాలానికీ ఉండాలనే అడుగుతున్నది.

మన దగ్గర ఇవేవీ లేకుండా డ్రైవర్లు తయారు కాలేదా అని ఎవరైనా అడగొచ్చు. అయ్యారు. విజయవాడ ఆటోనగర్ నుంచి బయల్దేరే లారీల్లో క్లీనర్ కుర్రాడు ఏళ్ల తరబడి టైర్లు కొట్టి చూసి, స్టెప్నీ మార్చి, పట్టా కట్టి, వెనకనుంచి రానీ రానీ అని అరిచి, అర్ధరాత్రి ఖాళీ రోడ్డు మీద గురువు దయతలిస్తే స్టీరింగు పట్టేవాడు. ఆ చదువు లోతైనది. ట్రక్కు కింద ఏ చప్పుడు దేనిదో చెవితో చెప్పగలిగేవాడు. కానీ దాన్ని బంగారుకాలం అనడం నాకిష్టం లేదు. చదువు బత్తా మీద సాగింది, తిట్లు ఉచితం, లైసెన్సు రాకముందే నడిపిన కిలోమీటర్లు ఎవరి లెక్కలోనూ లేవు. అయినా ఒక తేడా ఉంది. క్లీనర్‌కు ఇచ్చింది ఎంత తక్కువైనా అతను పనిలో ఉన్నాడని అందరూ ఒప్పుకున్నారు. ఇప్పుడు కిరాయి గిట్టక చాలా లారీల్లో ఆ కుర్రాడే కనపడటం లేదు.

అమెరికా న్యాయస్థానాలకు ఈ చిక్కు కొత్తది కాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చిన న్యూ ప్రైమ్ అనే ట్రక్కింగ్ కంపెనీ కేసులో ఒలివేరా అనే డ్రైవరు, శిక్షణ పేరుతో తనచేత పదివేల మైళ్లు కూలి లేకుండా తిప్పించారని ఆరోపించాడు. కోర్టు చూసింది కూలిని కాదు, అతణ్ని కోర్టు గడప ఎక్కనివ్వకుండా మధ్యవర్తి దగ్గరికి తోయవచ్చా అన్నదాన్నే. తోయలేరని ఎనిమిదిమందీ ఏకమాటగా చెప్పారు. కూలి సంగతికి మూలం ఇంకా వెనక, 1947లో పోర్ట్‌లాండ్ టెర్మినల్ అనే రైల్వే కంపెనీ కేసులో ఉంది. బ్రేక్‌మన్ పనికి ఏడెనిమిది రోజుల శిక్షణకు వచ్చేవాళ్లు ఉద్యోగులు కారని, వాళ్లవల్ల రైల్వేకు అప్పటికప్పుడు ఒరిగే లాభమేదీ లేదని, పైగా పనికి అడ్డమని కోర్టు చెప్పింది. అడ్డమన్నమాట నిజమే అయ్యుంటుంది. యార్డులో కొత్తవాడు పాతవాడి కాళ్లకు తగులుతాడు. ఓరియంటేషన్ హాల్లో కూర్చున్నవాడు ఎవరి కాళ్లకూ తగలడు, సాయంత్రానికల్లా కంపెనీకి కావలసిన కాగితాలు నింపి ఇస్తాడు. ఆ పాత కేసులోనే ఒక వివరం ఉంది. 1943 అక్టోబరు నుంచి, యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం, శిక్షణలో నెగ్గి పనివాళ్ల జాబితాకెక్కిన బ్రేక్‌మన్‌కు ఆ రోజులకుగాను రోజుకు 4 డాలర్లు తర్వాత ఇచ్చేవారు. నెగ్గనివాడికి ఏమీ లేదు. ఇప్పుడు ఓరియంటేషన్‌కు డబ్బిస్తామనే కంపెనీల్లో చాలావరకు మొదటి లోడు దింపాకనే, మొదటి జీతంతో కలిపి ఇస్తాయి.