తరగతి గది బయట - 14: మెనూలో లేని పేజీ



పోయిన వారం హాస్టల్ మెస్ గురించి రాస్తే ఇన్‌బాక్స్‌లో చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. "మేడం, ఇలాంటివి జరిగితే పిల్లలు ఎవరికి చెప్పుకోవాలి? కాలేజీలో ఎస్సీ, ఎస్టీ సెల్ ఉంటుంది కదా?" అని. ఉంటుంది. దాని పేరుతో కాలేజీ వెబ్‌సైట్లో ఒక పేజీ కూడా ఉంటుంది. ఆ పేజీ దాకా పిల్లలు వెళ్లగలరా అన్నదే ఈ వారం సంగతి. కొంచెం కంప్యూటర్ గోల ఉంటుంది, ఓపిక పట్టండి. నేను చదివింది తెలుగు సాహిత్యం కాబట్టి నాకు అర్థమైన భాషలోనే చెబుతాను.

రెండేళ్ల కిందట మా కాలేజీ వెబ్‌సైట్ పని నా నెత్తిన పడింది. న్యాక్ వాళ్లు వచ్చే ఏడాది అది. కంప్యూటర్స్ మేడం సెలవులో ఉన్నారు. "మీకు తెలుగు టైపింగ్ వచ్చు కదమ్మా, మీరు చూడండి" అన్నారు ప్రిన్సిపాల్ సార్. అలా నాకొక వర్డ్‌ప్రెస్ లాగిన్ వచ్చింది.

పాత రోజుల్లో వెబ్‌సైట్ అంటే ఒక్కో పేజీనీ హెచ్‌టీఎంఎల్‌లో విడిగా రాసి సర్వర్లో ఫైలుగా పెట్టేవాళ్లు. మళ్లీ ఎవరో ఆ ఫైలు తెరిచి దిద్దేదాకా అది అలాగే పడి ఉంటుంది. అందుకే దాన్ని స్టాటిక్ పేజీ అంటారు. ఆ తర్వాత కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లు వచ్చాయి. 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్ వాటిలో ఒకటి. ఇందులో మనం రాసిన విషయం డేటాబేస్‌లో ఉంటుంది. పైన బ్యానర్, మెనూ, కింద చిరునామా అన్నీ థీమ్ నుంచి వచ్చి దానికి తోడవుతాయి. ఏ పేజీ తెరిచినా నెత్తిన మెనూ ఉంటుంది, ఎటు కావాలంటే అటు పోవచ్చు.

వర్డ్‌ప్రెస్‌లో రాసేవి రెండు రకాలు. పోస్టు అంటే తేదీతో వచ్చే వార్త. వనమహోత్సవం జరిగింది, ఫొటోలు పెట్టాం, అలాంటివి. పేజీ అంటే ఎప్పుడూ ఉండాల్సింది. కాలేజీ చరిత్ర, కోర్సులు, కమిటీలు పేజీల్లో ఉంటాయి. పేజీ చేయడం పెద్ద పని కాదు. పేజెస్‌లోకి వెళ్లి యాడ్ న్యూ నొక్కి, శీర్షిక పెట్టి, విషయం రాసి పబ్లిష్ నొక్కితే అయిపోయింది. మీ దగ్గర హెచ్‌టీఎంఎల్ సిద్ధంగా ఉంటే కస్టమ్ హెచ్‌టీఎంఎల్ అనే బ్లాకులో అతికిస్తే చాలు.

అసలు విషయం ఇక్కడుంది. పబ్లిష్ నొక్కినంత మాత్రాన ఆ పేజీ మెనూలోకి వస్తుందని లేదు. పేజీ చేయడం ఒక పని, మెనూలో దానికి లింకు పెట్టడం ఇంకో పని. పేజీ లోకంలో ఉంటుంది, దానికో అడ్రస్ ఉంటుంది. ఆ అడ్రస్ తెలిసినవాడు నేరుగా వెళ్లొచ్చు. తెలియనివాడికి అది లేనట్టే.

మెనూ సెట్టింగ్స్‌లో ఒక టిక్ బాక్స్ కూడా ఉంది. దాన్ని టిక్ చేస్తే కొత్త పేజీలు వాటంతటవే మెనూలో చేరతాయి. కానీ "టాప్ లెవెల్" పేజీలు మాత్రమే. ఇంకో పేజీ కింద పిల్ల పేజీగా పెట్టినవాటికి ఆ సౌకర్యం లేదు. వాటిని ఎవరో ఒకరు చేత్తో చేర్చాలి. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఈ సూత్రం మనకు కొత్తదా!

మా సైట్‌లో ఎస్సీ, ఎస్టీ సెల్ పేజీ కోసం వెతికాను. మెనూలో లేదు. పేజీల జాబితాలో లేదు. సైట్‌లోనే ఉన్న సెర్చ్ బాక్స్‌లో కొట్టినా రాలేదు. చివరికి పోయిన విడత న్యాక్‌కి పంపిన రిపోర్టు తిరగేస్తుంటే దొరికింది. ఆ రిపోర్టులో ప్రతి కమిటీకీ ఆధారంగా ఒక వెబ్ లింకు ఇవ్వాలి. సెల్ ఎదురుగా ఒక లింకు ఉంది. నొక్కితే తెరుచుకుంది. తెల్లటి పేజీ, మెనూ లేదు, హోమ్‌కి దారి లేదు, అయిదారుగురి పేర్లు. కన్వీనర్‌గా ఉన్న సార్ రిటైరై చాలాకాలమైంది. ఇద్దరు బదిలీ అయ్యారు.

అది అప్పటి కాంట్రాక్టర్ సర్వర్లో పెట్టిపోయిన హెచ్‌టీఎంఎల్ ఫైలు. వర్డ్‌ప్రెస్ మామూలు ఏర్పాటులో సర్వర్‌కి ఒక నియమం రాసి ఉంటుంది. అడిగిన అడ్రస్‌లో నిజంగా ఒక ఫైలు ఉంటే దాన్నే నేరుగా ఇచ్చెయ్, లేకపోతేనే నా దగ్గరికి పంపు అని. అంటే ఆ ఫైలు వర్డ్‌ప్రెస్ చేతికి రాకుండానే బయటికి పోతుంది. అది ఉన్నట్టు వర్డ్‌ప్రెస్‌కి తెలియదు. దాని సెర్చ్ డేటాబేస్‌లో వెతుకుతుంది తప్ప విడి ఫైళ్లలో వెతకదు. ఆ పేజీని చేసింది పిల్లల కోసం కాదు, రిపోర్టులో ఒక గడి నింపడం కోసం. గడి నిండింది, పని అయిపోయింది.

అదే సెమిస్టర్‌లో రెండో సంవత్సరం బీకాం అమ్మాయి ఒకతి మూడు వారాలుగా క్లాసుకి రావడం లేదని హాస్టల్ పిల్లలు చెప్పారు. స్కాలర్‌షిప్ పిల్లల గురించి ఒక సార్ క్లాసులో అందరి ముందూ అనకూడని మాట అన్నాడు. ఆఫీసుకి వెళ్తే "డిపార్ట్‌మెంట్‌లో చెప్పుకో" అన్నారు. డిపార్ట్‌మెంట్‌లో "సార్ ఏదో సరదాకి అనుంటాడులేమ్మా" అన్నారు. నేను పిలిచి అడిగితే ఫోన్ చూపించింది. "సైట్ మొత్తం వెతికినా మేడం. యాంటీ ర్యాగింగ్ అని పైనే ఉంది. కానీ ఇది ర్యాగింగ్ కాదు కదా, అన్నది సార్ కదా. ఇంకేం లేదు మేడం అందులో."

ఇంకేం లేదు అనుకుంది ఆ పిల్ల. తనకోసం ఒక కమిటీ ఉందనీ, దానికో పేజీ ఉందనీ తనకు తెలిసే దారే లేదు.

కొత్త పేజీ చేశాను. స్టాఫ్ కౌన్సిల్‌లో ఇప్పటి సభ్యుల పేర్లు తీసుకుని, ఎవరికి ఎలా ఫిర్యాదు ఇవ్వాలో తెలుగులో రాశాను. ఈ పని చేసేవాళ్లకి రెండు మాటలు. డీటీపీ వాళ్ల దగ్గర అను ఫాంట్‌లో ఉన్న మేటర్ అలాగే అతికిస్తే సైట్‌లో పిచ్చి గీతలొస్తాయి, యూనికోడ్‌లోకి మార్చి పెట్టండి. శీర్షిక తెలుగులో ఉంచి, అడ్రస్‌లో వచ్చే పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి. లేకపోతే వాట్సాప్‌లో పంపేటప్పుడు తెలుగులోని ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు తొమ్మిదేసి అక్షరాల శాతం గుర్తుల దండ అయిపోతుంది. అది చూసి వైరస్ అనుకుని ఎవరూ నొక్కరు.

పబ్లిష్ నొక్కాను. మెనూలో చేరుద్దామని చూస్తే నా స్క్రీన్ మీద అపియరెన్స్ అనే విభాగమే లేదు. నాకిచ్చింది ఎడిటర్ లాగిన్. వర్డ్‌ప్రెస్‌లో మామూలుగా అయిదు హోదాలు: అడ్మినిస్ట్రేటర్, ఎడిటర్, ఆథర్, కంట్రిబ్యూటర్, సబ్‌స్క్రయిబర్. కంట్రిబ్యూటర్ రాయగలడు, ప్రచురించలేడు. ఎడిటర్ ఎన్ని పేజీలైనా రాయొచ్చు, ప్రచురించొచ్చు, ఇతరులు రాసినవి దిద్దొచ్చు. కానీ మెనూ ముట్టుకోవడానికి లేదు. అది అడ్మినిస్ట్రేటర్ చేతిలో ఉంటుంది. మా అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ పట్నంలో ఉన్న కాంట్రాక్టర్ దగ్గరుంది.

ప్రిన్సిపాల్ సార్‌ని అడిగాను. "పేజీ ఉంది కదమ్మా, ఇంకేం కావాలి?" అన్నారు. మెనూలో లేదు సార్ అన్నాను. "మెనూ ఇప్పటికే నిండిపోయింది. అన్నీ పైన పెడితే చూడ్డానికి బాగోదు." ఆ పైన ఏమున్నాయో చూశాను. ఫొటో గ్యాలరీ ఉంది. వీడియో గ్యాలరీ ఉంది. అతిథుల అభిప్రాయాలు ఉన్నాయి.

ఇక్కడ మహద్ గుర్తు చేసుకోకుండా ఎలా? ప్రజాధనంతో నడిచే బావులు, చెరువులు అంటరానివాళ్లకూ తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానం చేసింది. 1924లో మహద్ మునిసిపాలిటీ తన చవదార్ చెరువు అందరిదీ అని తీర్మానించింది. కాగితం మీద పేజీ పబ్లిష్ అయింది. చెరువు దగ్గరికి మాత్రం ఎవరూ పోలేకపోయారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగారు. అదే ఏడాది మునిసిపాలిటీ తన తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. బొంబాయి హైకోర్టు తీర్పుతో ఆ కేసు ముగిసేసరికి 1937 వచ్చింది. తీర్మానం ఉండటానికీ, నీళ్ల దాకా దారి ఉండటానికీ మధ్య ఎంత దూరమో చూడండి. చెరువునీ వెబ్‌సైట్‌నీ ఒకటి చేయడం లేదు నేను. "ఉంది కదా, ఇంకేం కావాలి" అన్న మాట మాత్రం రెండు చోట్లా ఒకటే.

చట్టం కూడా ఉండటంతో సరిపెట్టుకోలేదు. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 4(3) చదవండి. సమాచారాన్ని విస్తృతంగా, ప్రజలకు సులభంగా అందే రూపంలో ఉంచాలి అంటుంది. అదే సెక్షన్‌లోని 4(4) స్థానిక భాషను పరిగణనలోకి తీసుకోమంటుంది. కుల వివక్ష ఫిర్యాదులకు వెబ్‌సైట్లో పేజీ పెట్టాలని, ప్రిన్సిపాల్ ఆఫీసులో రిజిస్టర్ ఉంచాలని యూజీసీ సర్క్యులర్లు చెబుతూ వచ్చాయి. పేజీ పెట్టమన్నారు గానీ మెనూలో పెట్టమని వేరే రాయలేదు కదా అనే తెలివితేటలకి సెక్షన్ 4(3) జవాబు.

మెనూ రాదని ఊరుకోలేదు. ఎడిటర్‌కి మెనూ హక్కు లేకపోయినా పేజీల లోపలి విషయం దిద్దే హక్కు ఉంది. స్కాలర్‌షిప్ పేజీలో, హాస్టల్ పేజీలో, తెలుగు శాఖ పేజీలో ఒక్కో వాక్యం రాసి సెల్‌కి లింకు ఇచ్చాను. జాషువా గబ్బిలం పిల్లలకు చెబుతూనే ఉంటాం. గుడి వాకిలి తనకు మూసేస్తే, గుళ్లో వేలాడే గబ్బిలంతో శివుడికి కబురు పంపాడు ఆయన కావ్యనాయకుడు. మనవాళ్లకు ఈ విద్య పాతదే. కానీ గబ్బిలం దారి దొరికిందని వాకిలి అడగడం మానకూడదు.

లిఖితపూర్వకంగా అడిగాను, సెక్షన్ నంబర్ వేసి. సెల్ మీటింగ్ పెట్టించి మినిట్స్‌లో రాయించాం. నాలుగు నెలలకు కాంట్రాక్టర్ లింకు చేర్చాడు. మెనూస్‌లో పేజీ పక్కన టిక్ పెట్టి, చేర్చి, మౌస్‌తో పైకి లాగి సేవ్ చేయడం అంతే. ముందు "స్టూడెంట్ సపోర్ట్" కింద మూడో మెట్టులో పెట్టాడు. ఫోన్‌లో మూడు గీతలు నొక్కి, బాణం నొక్కి, మళ్లీ బాణం నొక్కితే గానీ కనబడదు. మా పిల్లలు చూసేది ఫోన్లోనే. మళ్లీ అడిగితే యాంటీ ర్యాగింగ్ పక్కన పైవరుసలోకి వచ్చింది. ఆ అమ్మాయి ఫిర్యాదు మీద సెల్ కూర్చుంది. వివరాలు తనవి, ఇక్కడ రాయను. తను క్లాసుకి వస్తోంది.

ఇప్పుడు మీ పని. మీ కాలేజీ సైట్‌ని ఫోన్‌లో తెరవండి. హోమ్ పేజీ నుంచి సెల్ పేజీకి ఎన్ని నొక్కుళ్లో లెక్కపెట్టండి. అందులో ఉన్నవాళ్లు ఇంకా ఉద్యోగంలో ఉన్నారో లేదో, ఫోన్ నంబర్ మోగుతుందో లేదో చూడండి. తెలుగులో ఉందో లేదో చూడండి. లేకపోతే ప్రిన్సిపాల్‌కి రాయండి, మెనూ ఎవరి చేతిలో ఉందో అడగండి. థీమ్ మార్చినప్పుడు మెనూ జాగా తప్పిపోవచ్చు, కాబట్టి సైట్ కొత్తగా చేసిన ప్రతిసారీ మళ్లీ చూడండి.

మీరు చూసింది కామెంట్‌లో రాయండి. కాలేజీ పేరు అక్కర్లేదు, ఎన్ని నొక్కుళ్లో చెప్పండి చాలు. వచ్చే వారం ప్రిన్సిపాల్ ఆఫీసులో ఉండాల్సిన ఆ రిజిస్టర్ గురించి.

జై భీమ్.