గేటు ఎవరికి వేయాలి?

మిలిటరీ అనగానే మనకి సరిహద్దు, మంచు కొండలు, తుపాకీ పట్టుకుని నిలబడ్డ కుర్రాడు గుర్తొస్తాయి. సాయంత్రం అయిదింటికి డ్యూటీ దిగాక ఆ కుర్రాడు ఏం చేస్తాడన్నది మనకి తట్టదు. పంతొమ్మిది, ఇరవై ఏళ్ళ పిల్లలు, చేతిలో జీతం డబ్బులు, పక్కన అమ్మానాన్నా ఉండరు, ఊరు కాని ఊరు, భాష రాని దేశం. శనివారం రాత్రి వాళ్ళని ఏం చేయాలన్నది ఏ సైన్యానికైనా పెద్ద తలనొప్పే.

ఇదంతా నాకు తెలిసింది మా పిన్ని కూతురి వల్ల. అక్క పెళ్ళయి అమెరికా వెళ్ళి పాతికేళ్ళు. కొడుకు ఇంజినీరింగ్ చదువుతాడనుకుంటే వాడు మెరైన్స్‌లో చేరాడు. అప్పుడు రెండు నెలలు ఆవిడ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత వాడిని జపాన్‌లోని ఒకినావా దీవికి వేశారు. ఇప్పుడు ఆవిడ బాధ యుద్ధం గురించి కాదు. "పెద్దవాడు, ఓటు హక్కున్నవాడు. వాడు ఎన్నింటికి ఎక్కడ ఉండాలో వీళ్ళు చెప్పడమేమిటే?" అని.

వాడు నన్ను పిన్నీ అని నోరారా పిలుస్తాడు. వచ్చీరాని తెలుగులోనే చాలా కబుర్లు చెబుతాడు. పెళ్ళికాని చిన్న ర్యాంకు వాళ్ళంతా బ్యారక్స్‌లోనే ఉండాలట. క్యాంపులో జిమ్, సినిమా హాలు, బౌలింగ్ అన్నీ ఉంటాయి కానీ ఆరు నెలల్లో అన్నీ మొహం మొత్తుతాయి. బయటికి వెళ్ళాలంటే తన యూనిట్లో ఒక్కడే వెళ్ళడానికి లేదు, తోడు ఒకరుండాలి. ఇద్దరూ కలిసి వెళ్ళి, కలిసే తిరిగి రావాలి. దానికి తోడు 2024 అక్టోబరు 1 నుంచి జపాన్‌లో ఉన్న అమెరికా సైనికులందరికీ ఒక నియమం పెట్టారు. రాత్రి ఒంటిగంట నుంచి అయిదింటి వరకు స్థావరం బయట బార్లలో ఉండకూడదు, బహిరంగంగా మద్యం తాగకూడదు.

"ఎవడో చేసినదానికి వీడికి శిక్షేమిటి? అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టుంది" అంటుంది అక్క.

ఆ ఎవడో ఏం చేశాడన్నది కూడా చెప్పుకోవాలి కదా. ఒకినావా జపాన్ మొత్తం భూమిలో 0.6 శాతం. అమెరికా సైన్యానికి ప్రత్యేకంగా కేటాయించిన భూమిలో దాదాపు 70 శాతం మాత్రం ఆ చిన్న దీవుల్లోనే ఉంది. 1945లో భయంకరమైన యుద్ధం చూసిన నేల అది. 1972 దాకా అమెరికా పాలనలోనే ఉంది. 1995 సెప్టెంబరులో ముగ్గురు అమెరికా సైనికులు పన్నెండేళ్ళ బడిపిల్లని ఎత్తుకెళ్ళి అత్యాచారం చేశారు. ఆ అక్టోబరులో దాదాపు 85 వేల మంది ఒకచోట చేరి నిరసన తెలిపారు. 2012లో మళ్ళీ ఒక అత్యాచారం. అప్పుడు జపాన్‌లోని సైనికులందరికీ రాత్రి 11 నుంచి తెల్లవారి 5 దాకా కర్ఫ్యూ పెట్టారు. 2016లో ఇరవై ఏళ్ళ అమ్మాయి హత్య. చేసినవాడు ఒకప్పటి మెరైన్. 2023 డిసెంబరులో పదహారేళ్ళు నిండని పిల్ల మీద ఒక వాయుసేన ఉద్యోగి అఘాయిత్యం. మార్చిలో కేసు పెట్టినా, ఆ సంగతి ఒకినావా ప్రభుత్వానికి జూన్ దాకా తెలియలేదు. అక్కడి జనం మరింత మండిపడింది అందుకే. ఒంటిగంట నియమం ఆ తర్వాత వచ్చిందే.

ప్రతిసారీ ఇదే వరస. ఘోరం జరుగుతుంది, గేట్లు బిగుస్తాయి, కొన్నాళ్ళకి మెల్లగా సడలుతాయి, మళ్ళీ ఏదో జరుగుతుంది. కాబట్టి గేటు వేస్తే అంతా చక్కబడుతుందని నేను అనను. నేరం చేసేవాడు గడియారం చూసి చేయడు.

కానీ అక్క మాట వింటుంటే నాకు మా అమ్మాయి హాస్టల్ గుర్తొచ్చింది. ఆడపిల్లల గేటు రాత్రి ఎనిమిదిన్నరకి మూస్తారు. అదే ప్రాంగణంలో మగపిల్లల గేటుకి పదిన్నర. అదేమని అడిగితే "మీ పిల్లల క్షేమం కోసమేనమ్మా" అన్నారు. ఏ తప్పూ చేయని పిల్లని, ఎవరో చేయబోయే తప్పుకి భయపడి లోపల పెట్టడం మనకి ఎంత అలవాటయిపోయిందంటే, దాన్ని శిక్ష అని కూడా అనుకోం. మన ఎనిమిదిన్నరకి లేని అన్యాయం వాళ్ళ ఒంటిగంటకి ఎక్కడినుంచి వచ్చింది?

వాడు చెప్పిన ఒక్క ముక్క మాత్రం నన్ను వదలడం లేదు. క్యాంపు గేటుకి దగ్గర్లో ఒక ముసలావిడ నూడుల్స్ హోటల్ నడుపుతుంది. ఆదివారం మధ్యాహ్నాలు వాడు అక్కడే తింటాడు. ఆవిడ మనవరాలు, ఏడో తరగతి వయసు పిల్ల, నీళ్ళు తెచ్చిపెట్టి, వీడికి జపాన్ మాటలు నేర్పి, సరిగ్గా పలకకపోతే నవ్వేదట. ఆ జూన్‌లో వార్త బయటికి వచ్చాక కూడా ఆవిడ మర్యాదగానే ఉంది. పిల్ల మాత్రం వంటగదిలోంచి బయటికి రావడం మానేసింది.

"నన్నెవరూ ఏమీ అనలేదు పిన్నీ. కానీ నీళ్ళు ఇప్పుడు ఆవిడే తెస్తుంది" అన్నాడు.

అంటే గేటు ఎప్పుడూ పడుతూనే ఉంది. సైనికుడికి వేయకపోతే ఆ పిల్లకి పడుతుంది. దానికి ఏ పై అధికారి సంతకమూ అక్కర్లేదు, ఇంట్లో పెద్దవాళ్ళే వేసేస్తారు. దాన్ని ఎప్పుడు సడలిస్తారో ఎవరూ ప్రకటించరు కూడా. ఇద్దరిలో ఒకరు లోపల ఉండక తప్పదంటే, జీతం తీసుకుని, తుపాకీ పట్టి, తన ఇష్టంతో వచ్చినవాడు ఉండటమే న్యాయం కాదూ?

వాడికి ఇది అక్క కన్నా బాగా అర్థమైందనిపిస్తుంది. నియమం గురించి వాడు విసుక్కోవడం నేను వినలేదు. "ఒంటిగంట దాకా తాగితే చాలదా పిన్నీ?" అని నవ్వుతాడు. వాడికి చిరాకల్లా తోడు దొరకనప్పుడే. స్నేహితుడికి జ్వరమొస్తే ఆదివారమంతా వీడూ గదిలోనే. అలాంటప్పుడు మన రాత్రి భోజనాల వేళకి ఫోన్ చేస్తాడు. అక్కడప్పటికి అర్ధరాత్రి దాటిపోయి ఉంటుంది.

ఇదంతా అక్కకి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నీకు ఆడపిల్ల ఉంది కాబట్టి అలా అంటున్నావు" అంది. కావచ్చు. మగపిల్లల తల్లులు మీరేమంటారో వినాలని ఉంది.