అమ్మ చెప్పిన గాలి
2025 రోబోకాన్‌లో ఆట బాస్కెట్‌బాల్. ఇంజనీరింగ్ చదివే మా అన్న టీము బంతి విసిరే చక్రం కోసం తిప్పలు పడింది. గట్టి చక్రం మీద బంతి జారిపోయేది. మెత్తటిది పట్టుకునేది, కానీ వెంటనే వేసిన రెండో బంతి దూరం పోయేది కాదు.

సెలవులకి బాగేపల్లి వచ్చినప్పుడు ఇదే గోల. అమ్మ కన్నడలో "గాలి హగురానా?" అనింది. నాన్న ఫ్యాను వైపు చూసినాడు! అమ్మ గాలి అంటే చక్రం, అది తేలికా అని అడిగింది.

"నీకేం తెలుసమ్మా" అన్నాడు అన్న.

అమ్మ కుట్టు మిషన్ తొక్కి కాలు తీసేసింది. బరువైన ఇనుప చక్రం తిరుగుతానే ఉంది. తేలిక చక్రమైతే మొదటి బంతికే వేగమంతా పోగొట్టుకుంటుంది.

వారానికి ఫోన్. షాఫ్టుకి ఇనుప బిళ్ల బిగించినారంట, రెండో బంతీ పడిందంట. ఎవరు చెప్పినారని టీమోళ్లు అడిగితే, యూట్యూబ్‌లో చూసినా అన్నాడంట.

అందుకే ఈ గోడ మీద రాస్తున్నా. చెప్పింది మా అమ్మ.